అడుగు లేని కుండ

1944 జులైలో ఒక పొద్దున, మద్రాసు ఎగ్మోరు మ్యూజియంలో యాభై మూడేళ్ళ ఇంగ్లీషు దొర ఒకాయన బీరువా తలుపు తీసి, సరిగ్గా కనిపించని మూలలోకి చెయ్యి పోనిచ్చాడు. వేళ్ళకు ఏదో తగిలింది. పట్టుకుని బయటికి లాగాడు. పొడుగాటి మెడ, ఆ మెడ నుంచి భుజం మీదికి దిగిన చెవి. కుండ పెంకు. మ్యూజియం బీరువాలో కుండ పెంకు ఉండడం వింత కాదు. ఆ పెంకు ఈ దేశపు కుమ్మరి చేసింది కాకపోవడమే వింత.

ఆయన పేరు మార్టిమర్ వీలర్. ఆఫ్రికా ఎడారి యుద్ధంలో ఫిరంగి దళాన్ని నడిపి, బ్రిగేడియర్ హోదాలో ఉన్నవాడు నేరుగా వచ్చి ఆ ఏప్రిల్‌లోనే భారత పురావస్తు శాఖ డైరెక్టర్ జనరల్ కుర్చీలో కూర్చున్నాడు. అంతకు ముందు బ్రిటన్‌లో రోమన్ల కాలపు ఊళ్ళు తవ్విన పేరుంది. ఆ పేరే ఇక్కడ ఎదురు తిరిగింది. బ్రిటన్‌లోని రోమన్ శిథిలాలకూ ఇండియాకూ ఏం సంబంధమని ఢిల్లీ శాసనసభలో ఎవరో నిలదీశారు. బీరువాలోంచి తీసిన పెంకును చూడగానే ఆ ప్రశ్నే గుర్తొచ్చిందనీ, జవాబు చేతిలోనే ఉందని అనిపించిందనీ వీలర్ తర్వాత ఆత్మకథలో రాసుకున్నాడు. ఆయనకు నాటకం పాలు కాస్త ఎక్కువే. ఆ ఘట్టంలో రూపాయికి నాలుగణాలు తరుగు తీసేసి చదువుకున్నా తప్పు లేదు. పెంకు మాత్రం నిజం. అది రోమన్ ఆంఫోరా మెడ. మధ్యధరా సముద్రపు ఒడ్డున ద్రాక్షసారా, ఆలివ్ నూనె, చేపల పులుసు నింపి ఓడలకెక్కించిన జాడీ.

మద్రాసు అప్పటికి మన కోస్తా, రాయలసీమ జిల్లాలకు కూడా రాజధాని. అమరావతి స్తూపపు సున్నపురాతి పలకలు ఎన్నో ఉన్నదీ ఆ మ్యూజియంలోనే. శాతవాహనుల కాలపు అంత గొప్ప శిల్పం ఒక గదిలో, ఆ కాలానికి తేదీ చెప్పగల చిల్లపెంకు ఇంకో గది బీరువాలో. రెంటినీ కలిపి చూసినవాడు అప్పటిదాకా లేడు.

ఇదెక్కడిదని వీలర్ ఆరా తీశాడు. పాండిచ్చేరి దగ్గర అరికమేడు నుంచి వచ్చిందన్నారు. పాండిచ్చేరి అప్పుడు ఫ్రెంచి వాళ్ళ ఏలుబడిలో ఉంది. ఆగకుండా రైలెక్కి అక్కడికి వెళ్ళాడు. పబ్లిక్ లైబ్రరీలో దుమ్ము పట్టిన అద్దాల పెట్టెలు చూపించారు. కళ్ళు చికిలించుకుని చూస్తే లోపల ఇంకో డజను ఆంఫోరాల ముక్కలు, రోమన్ దీపం చెక్క, బొమ్మ చెక్కిన రత్నపు రాయి. అన్నిటికన్నా కింద, ఎవరూ పట్టించుకోని చోట, ఎర్రగా నునుపుగా మెరిసే పళ్ళేల ముక్కలు కొన్ని. వీలర్ గుండె ఆగినంత పనైంది వాటిని చూశాకే.

ఆ ముక్కలు పెట్టెలోకి ఎలా చేరాయన్నది ఇంకో కథ. ఫ్రెంచి పండితుడు జువో దుబ్రాయ్ మనకు పరాయివాడు కాడు. పల్నాడులోని గోలి బౌద్ధ శిల్పాలను 1926లో వెలుగులోకి తెచ్చింది ఆయనే. 1930ల్లో అరికమేడు పిల్లలు ఏరుకొచ్చి ఇచ్చిన పూసలూ రాళ్ళూ చూస్తుంటే అందులో ఒకదాని మీద మనిషి తల కనిపించింది. అది అగస్టస్ చక్రవర్తిదని ఆయన నమ్మాడు, ఇక్కడ రోమన్ల ఊరు ఉండేదని పై వాళ్ళకు రాశాడు. ఒకరిద్దరు స్థానికంగా కొంత తవ్వారు కూడా. దొరికినవి పెట్టెల్లో పెట్టారు, కొన్ని మద్రాసు పంపారు. అంతటితో సరి. చేతిలో ఉన్నదేమిటో తెలిసి కూడా, దాంతో ఏం చెయ్యొచ్చో తెలియకపోవడం అంటే ఇదే.

వీలర్‌కు కావలసింది గడియారం. దక్షిణాదిలో రాతి సమాధులున్నాయి, కుండపెంకుల దిబ్బలున్నాయి, శాతవాహనుల సీసపు నాణేలున్నాయి. ఏది ముందు, ఏది వెనక, ఏ శతాబ్దం అన్నది మాత్రం ఎవరి నోటికొచ్చింది వాళ్ళు చెప్పే రోజులు. ఆ ఎర్ర పళ్ళేలు ఇటలీలోని అరెజ్జో ఊళ్ళో చేసినవి. క్రీస్తు పూర్వం చివరి పాతికేళ్ళ నుంచి క్రీస్తు శకం 50 ప్రాంతం దాకా వాటి జోరు సాగింది. పళ్ళెం అడుగున కుమ్మరి తన ముద్ర వేసేవాడు. ఏ ముద్ర ఏ కార్ఖానాదో, ఏ పదేళ్ళ నాటిదో ఐరోపాలో అప్పటికే పట్టికలు తయారై ఉన్నాయి. ముద్రలున్న పళ్ళెం దొరికిన పొరలోనే మన దేశపు కుండ దొరికితే, ఆ మన కుండకూ తేదీ వచ్చేస్తుంది.

నాణెంతో ఈ పని కాదా అనొచ్చు. కాదు. నాణెం దాచుకునేది. తాత ముల్లెలో పెట్టింది మనవడు తవ్వి తీస్తాడు, వందేళ్ళ తర్వాత దాన్నే కరిగించి కాసులపేరు చేయిస్తారు. పళ్ళెం నాలుగేళ్ళు వాడితే పగులుతుంది, పగిలిన రోజే పెంటకుప్ప మీదికి పోతుంది. దాన్ని ఎవరూ వారసత్వంగా ఇచ్చుకోరు. అందుకే పురావస్తు వాళ్ళకు బంగారం కన్నా చిల్లపెంకు మీద గురి.

1945 ఏప్రిల్‌లో తవ్వకం మొదలైంది. అరియాంకుప్పం ఏటి ఒడ్డున, కొబ్బరి చెట్ల మధ్య. కింది పొరలకు దిగేకొద్దీ ఊట నీరు పైకి ఉబికింది. నీళ్ళు తోడుతూనే తవ్వారు. ఆ మే నెలలోనే ఐరోపాలో యుద్ధం ముగిసింది, జర్మనీ లొంగిపోయింది. ఇక్కడ గోతుల్లో మాత్రం లెక్క వేరే నడుస్తోంది. ప్రతి పొరకూ నంబరు, ప్రతి పెంకుకూ చీటీ. పొర గీతలు గోడ మీద తాపీతో గీయించి, ఒక పొర పెంకు ఇంకో పొర బుట్టలో పడితే వీలర్ మనిషిని నిలబెట్టి అడిగేవాడు. జూన్‌తో పని ముగిసేసరికి అరెజ్జో పళ్ళేల మీద వీబీ, కామూరి, ఇట్టా అనే ముద్రలు తేలాయి. ఆంఫోరాల చెవులు, మెడలు, మొనదేలిన అడుగులు కుప్పగా వచ్చాయి. వాటితో పాటే నల్లటి, పల్చటి, వెడల్పాటి పళ్ళేలు కొన్ని వచ్చాయి. లోపల అడుగున సన్నటి చుక్కల గీతలు చుట్లు చుట్లుగా ఉన్నాయి. పంటి చక్రం తిప్పి అద్దిన ఆ నగిషీని బట్టి వాటికి రూలెటెడ్ పాత్రలని పేరు.

తెలుగు నేలకు సంబంధించినంత వరకు ఆ తవ్వకంలో అసలు సరుకు ఈ నల్ల పళ్ళేలే. రోమన్ జాడీ ఎక్కువగా కొన్ని రేవుల్లోనే దొరుకుతుంది. నల్ల పళ్ళెం అలా కాదు, అమరావతిలో ఉంది, శాలిహుండంలో ఉంది, తూర్పు తీరం వెంబడి పదుల ఊళ్ళలో ఉంది. అరికమేడులో అరెజ్జో ముక్క పక్కన దొరికింది కాబట్టి దాని కాలం తెలిసింది. దాని కాలం తెలిసింది కాబట్టి, అది ఎక్కడ కనిపించినా ఆ పొర కాలం తెలిసింది. రెండేళ్ళ తర్వాత, 1947లో, వీలర్ కర్ణాటకలోని బ్రహ్మగిరి తవ్వి అక్కడ రాతి సమాధుల కాలం పైన శాతవాహనుల నాటి పొరను ఈ లెక్కతోనే నిలబెట్టాడు. ఆ పొరలో దొరికిన ఎరుపు మీద తెల్ల గీతల కుండలను చాలాకాలం ‘ఆంధ్ర పాత్రలు’ అనే పిలిచారు. ఆ తర్వాత 1962–64లో కృష్ణ ఒడ్డున ధరణికోటలో పడవల కాలవ, సరుకు దింపే ఘట్టం బయటపడినప్పుడు దాని వయసు చెప్పడానికి ఈ పళ్ళేలే సాక్ష్యమయ్యాయి. మద్రాసు బీరువాలో చెయ్యి పెట్టిన ఫలితం ధరణికోట రేవులో తేలింది.

అందులోనూ ఒక తిరకాసుంది. రూలెటెడ్ పళ్ళెం కూడా మధ్యధరా సరుకేనని, లేదా ఆ పద్ధతి అక్కడి నుంచి వచ్చిందని వీలర్ అనుకున్నాడు. 1980ల్లో విమలా బెగ్లీ ఆ మాట ఒప్పుకోలేదు. ఆకారం, పనితనం చూసి ఇది భారతీయ కుమ్మరి పనే అంది. తర్వాత మట్టిని పరీక్షించినవాళ్ళు బెంగాల్ వైపు వేలు చూపించారు. 1989–92లో బెగ్లీ బృందం అరికమేడును మళ్ళీ తవ్వితే, రోమన్ ఓడలు రాకముందూ అక్కడ ఊరుంది, అవి రావడం మానేశాకా ఊరుంది అని తేలింది. వీలర్ తన నివేదికకు ‘భారత–రోమన్ వర్తక కేంద్రం’ అని పేరు పెట్టాడు. దొర ఊరిని రోమన్లు వచ్చి కట్టించినట్టు రాశాడని నాకెప్పుడూ అనిపిస్తుంది. సరుకు పరాయిది, రేవు మనది.

ఆంఫోరాను దగ్గరగా చూడాలంటే పండితుల కన్నా కుమ్మరి నయం. ఓరుగల్లు మట్టెవాడలో నాకు తెలిసిన కుమ్మరి పెద్దాయనకు ఫోన్‌లో ఫొటో చూపించాను. ఆయన ఫోన్ తీసుకుని కిందామీదా తిప్పి చూశాడు.

‘‘ఇది కూసోదు బిడ్డా. దీనికి అడుగేది? కొన తేలి ఉన్నది.’’

‘‘ఓడలో పెట్టే కుండ తాతా. వరుసగా నిలబెడతరంట.’’

‘‘గట్లయితే కింద ఇసుక పోయాలె. కొన ఇసుకల గుచ్చాలె. మీది వరుస కొన కింది వరుస భుజాల నడుమకు రావాలె. అప్పుడు ఊగినా కదలదు.’’ కాసేపు చూసి, ‘‘పోసేటోడు రెండు చేతులతోటి చెవులు వట్టి ఎత్తుతె ఒంపలేడు. ఒక చెయ్యి చెవికి, ఒక చెయ్యి కొనకు. కొన గుడ చెవి లెక్కనే.’’

ఓడల చరిత్ర పుస్తకాల్లో పేజీలకు పేజీలు రాసింది ఇదే. ఇంకోటి అడిగాడు: ‘‘లోపల ఏం పూసిండ్రు? ఉత్త మట్టయితే సారాను పీల్చుకుంటది గద.’’ పైన్ చెట్టు జిగురు కాచి లోపల పూసేవాళ్ళని చెప్పాను. ‘‘ఆ, గుగ్గిలం అసోంటిది’’ అని తలూపాడు. కల్లుకు లొట్టి ఎట్లనో, వాళ్ళ సారాకు ఇది అట్లన్నమాట అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. లొట్టి చెట్టు నుంచి మండువా దాకా పోతుంది, ఇది సముద్రాలు దాటింది, దీని పెడ దళసరి చూడమన్నాడు.

ఆ దళసరే అసలు సంగతి చెబుతుంది. ఆంఫోరాలో రోమన్ల కొలత ప్రకారం పాతిక లీటర్ల పైన పడుతుంది. సారా బరువుకు కుండ బరువు కలిపితే ఒక్క మనిషి ఎత్తడం కష్టం. అంత బరువు ఈజిప్టు దాకా ఓడలో, నైలు ఒడ్డునున్న కోప్టస్ నుంచి ఎర్రసముద్రం రేవులకు ఎడారిలో ఒంటెల మీద, అక్కడ జులైలో మళ్ళీ ఓడ. నైరుతి గాలి పట్టుకుని సెప్టెంబరుకు మన పడమటి తీరం. ఎలిజబెత్ లైడింగ్ విల్ అనే అమెరికా పండితురాలు అరికమేడు పెంకుల్ని ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని వాటి సొంత ఊళ్ళు చెప్పింది. రెండు కడ్డీలు అతికినట్టుండే చెవులున్నవి గ్రీసు దేశపు కోస్ దీవి సారా జాడీలు, లేదా ఆ నమూనాలో ఇటలీలో చేసినవి. మట్టిలో నల్లటి మెరుపు ఇసుక రేణువులుంటే అది విసూవియస్ అగ్నిపర్వతం పక్కన కాంపానియా మట్టి. పాంపే పట్నం 79లో బూడిద కింద పడిపోక ముందు ఆ చుట్టుపక్కల తోటల సారా మన తూర్పు తీరంలో తాగారు. సారా ఒక్కటే కాదు, ఆలివ్ నూనె వచ్చింది. చేపలను ఉప్పేసి ఎండలో పులియబెట్టి తీసిన గారమ్ అనే పులుసు కూడా వచ్చింది. అది ఎవరు తిన్నారో మరి, ఆ కంపుకు మనవాళ్ళు దగ్గరికి పోయి ఉండరనుకుంటాను.

ఇక మన వైపు నుంచి పోయింది చూడండి. మొదటి శతాబ్దపు గ్రీకు నావికుడు రాసిన ‘పెరిప్లస్’ మన కృష్ణా తీరాన్ని మసాలియా అంటుంది, అక్కడ నాణ్యమైన సన్నబట్ట విస్తారంగా దొరుకుతుందని చెబుతుంది. భూగోళ పండితుడు టాలెమీ కొంటకోస్సిలా అని రాసిన రేవు మన ఘంటసాలేనని పండితుల మాట. తీరం వెంబడి వచ్చిన సరుకు టగరకు, అంటే ఇప్పటి మహారాష్ట్రలోని తేర్‌కు చేరి, అక్కడి నుంచి బండ్ల మీద పడమటి తీరంలోని భరుకచ్ఛం రేవుకు పోయేదని పెరిప్లస్ చెబుతుంది. మచిలీపట్నం వైపు నుంచి తేర్‌కు గీత గీస్తే అది తెలంగాణ నడిబొడ్డు మీంచి పోతుంది. ఆ గీత దారిలోనే సంగారెడ్డి దగ్గర కొండాపూర్ ఉంది. ఊళ్ళో వాళ్ళు కోటగడ్డ అనే ఆ దిబ్బను నిజాం ప్రభుత్వంలో గులాం యజ్దానీ పురావస్తు శాఖను నడుపుతున్నప్పుడు, 1940–42లో, ఖ్వాజా ముహమ్మద్ అహ్మద్ తవ్వాడు. వీలర్ ఇంకా ఈ దేశంలో కాలు పెట్టలేదు. అగస్టస్ బంగారు నాణెం ఒకటి దొరికింది. దానికన్నా నాకు ముచ్చటేసేవి మట్టి బిళ్ళలు. రోమన్ నాణేన్ని మట్టిలో అచ్చుతీసి, దారం ఎక్కించడానికి పైన కొక్కెం పెట్టారు. రోము చక్రవర్తి తల కోటగడ్డ ఆడవాళ్ళ మెడలో బిళ్ళ అయింది. పన్నూ పరిపాలనా తెలియకుండానే.

నాణేలకు మన దగ్గర లోటు లేదు. నల్గొండ జిల్లా అక్కనపల్లిలో అగస్టస్, టైబీరియస్‌ల వెండి నాణేలు పదిహేను వందలకు పైగా ఒక్కచోటే దొరికాయి. పెద్దపల్లి దగ్గర పెద్దబంకూరులో వి.వి. కృష్ణశాస్త్రి బృందం తవ్వినప్పుడు వేల శాతవాహన నాణేలతో పాటు రోమన్ వెండి కూడా తేలింది. విశాఖ దగ్గర బావికొండ, తొట్లకొండల మీద భిక్షువులు ఉన్న చోటా రోమన్ వెండే. ఏటా ఇండియా రోము నుంచి అయిదు కోట్ల సెస్టర్సులు పీల్చేస్తోందని రోమన్ రచయిత ప్లినీ ఏడ్చింది ఊరికే కాదు. మరి ఆంఫోరాలు? ఆ పరిమాణంలో మన లోపలి ఊళ్ళలో లేవు. దీన్ని చూసి కొందరు మన దగ్గర వ్యాపారం పల్చన అంటారు. నా లెక్క వేరు. వెండి మొలలో పెట్టుకుని పోవచ్చు. ఆ బరువు జాడీని ఎద్దు మీద నాలుగు వందల కిలోమీటర్లు ఎవరు మోస్తారు? రేవులోనే సారాను తోలు తిత్తుల్లోకి వంచుకుని ఉంటారు. తిత్తి మట్టిలో కుళ్ళిపోతుంది, సాక్ష్యం మిగలదు. జాడీ రేవులో పగిలింది, రేవులోనే దొరికింది. సారా లోపలికి వచ్చిందనడానికి నాగార్జునకొండ రాజప్రాసాదం దగ్గర దొరికిన స్తంభం చాలు. గడ్డం ఉన్న మనిషి ఒకడు ఒంటి మీద సరిగ్గా బట్ట లేకుండా, చేతిలో కొమ్ము ఆకారపు పాత్రతో, పక్కన సారా పీపాతో నిలబడి ఉన్నాడు. పండితులు వాణ్ని గ్రీకుల సారా దేవుడు డయోనిసస్‌గా గుర్తుపట్టారు. ఇక్ష్వాకుల శిల్పి చూడనిదే చెక్కలేడు.

కథ ఇక్కడితో సాఫీగా ముగిసేది, 2007లో రోబెర్టా టాంబర్ ఒక వ్యాసం రాయకపోతే. బ్రిటన్‌లో పనిచేసిన ఈ కుండపెంకుల నిపుణురాలు భారతదేశపు మ్యూజియంలలో ‘రోమన్ ఆంఫోరా’ అని చీటీ కట్టి ఉన్న ముక్కలను ఊరూరా తిరిగి చూసింది. వాటిలో చాలా ముక్కలు రోముకు సంబంధం లేనివని తేల్చింది. అవి మెసొపొటేమియా, పారసీక సింధుశాఖ వైపు చేసిన జాడీలు. పొడుగ్గా, కిందికి సన్నగా ఉండడం వల్ల టార్పెడో జాడీలంటారు. చూడగానే ఆంఫోరాలాగే ఉంటాయి, కాని చెవులుండవు. లోపల పూసింది చెట్టు జిగురు కాదు, భూమిలో ఊరే నల్ల కీలు. ఆంఫోరాలు తగ్గిపోయాక కూడా, సాసానీ రాజుల కాలం దాటి అరబ్బుల కాలం దాకా అవి వస్తూనే ఉన్నాయి. అంటే ఒక పెంకుకు చీటీ తప్పు కడితే ఊరి తేదీ అయిదారు వందల ఏళ్ళు పక్కకు జరుగుతుంది, ఓడ బయల్దేరిన రేవు అలెగ్జాండ్రియా నుంచి బస్రా వైపుకు మారిపోతుంది.

మట్టెవాడ పెద్దాయనకు ఈ రెండో ఫొటో కూడా చూపించాను. ‘‘దీనికి చెవుల్లేవు’’ అన్నాడు మొదటి చూపులోనే. ‘‘లోపల నలుపు మస్తుగున్నది. ఇది ఇంకో కుమ్మరిది.’’ మన దగ్గర పాత తవ్వకాల నివేదికల్లో ఆంఫోరా అని రాసి ఉన్న ముక్కలు అక్కడక్కడా ఉన్నాయి. పెట్టెలు తెరిచి, చెవి ఉందా, లోపల పూత ఏమిటి, మట్టిలో ఏ ఇసుక కలిసింది అని ఇంకోసారి చూస్తే బాగుంటుంది. పెద్ద ఖర్చు పనేం కాదు. ముక్క అంచు తాజాగా విరిచి భూతద్దం కింద పెట్టి చూడడంతో మొదలవుతుంది.

మట్టెవాడ ఉన్న ఓరుగల్లుకు సముద్రం దూరమే అయినా, కాకతీయుల నాటికి రేవు చేతిలోనే ఉంది. ఆ మోటుపల్లి రేవులో గణపతిదేవుడు 1244–45లో వేయించిన అభయ శాసనం ఓడల వాళ్ళకు హామీ ఇస్తుంది: అంతకు ముందు రాజులు తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకు దోచుకునేవాళ్ళు, మేం ముప్పై వంతుల్లో ఒక వంతు సుంకం మాత్రమే తీసుకుంటాం అని. గంధం, కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పగడాలు, రాగి, సీసం, పట్టు, మిరియాలు, పోకలు శాసనంలోని సరుకుల జాబితాలో ఉన్నాయి. ద్రాక్షసారా లేదు. మోటుపల్లి నేల మీద ఏరిన పెంకుల్లో పండితులకు కనిపించింది చైనా పింగాణీ. ఓడలు ఇప్పుడు తూర్పు వైపు నుంచి కూడా వస్తున్నాయి.